అట్టపెట్టె, తీరపు గాలి: పెట్టె ఆటలను పాడవకుండా దాచే పద్ధతి

పెట్టె ఆటలను సేకరించేవారికి పెట్టె కూడా ఆటలో భాగమే. పావులు, పాచికలు, కార్డులు, ఆట నోట్లు అన్నీ లెక్కకు సరిపోయినా, మూత మూలలు చిరిగి, బొమ్మ వెలిసి, అట్ట వంకర తిరిగి ఉంటే ఆ సెట్టు విలువ బాగా పడిపోతుంది. పోయిన పావును మరో పాత సెట్టులోంచి తెచ్చి కలుపుకోవచ్చు. పాడైన మూతకు బదులు దొరకడం అరుదు, ఎందుకంటే అదే ఏడాది అచ్చయిన మిగతా మూతలు కూడా అదే గతి పట్టి ఉంటాయి.

తెలుగు ఇళ్లలో పాత ఆటలకు ఈ చిక్కు లేదు. పులి-మేక గడులను అరుగు మీద సుద్దతో గీసుకునేవారు. వామనగుంటల పీట మడిస్తే అదే పెట్టె. లోపలికి చింతపిక్కలో గవ్వలో చాలు. వైకుంఠపాళీ పటం చుట్టగా చుట్టి మూల నిలబెట్టేది. అచ్చుబొమ్మ ఉన్న అట్టపెట్టె పెద్ద ఎత్తున తయారయ్యే ఆటతోనే వచ్చింది. అమెరికాలో పార్కర్ బ్రదర్స్ సంస్థ మోనోపలీని 1935లో మార్కెట్‌లోకి తెచ్చింది. దాని పోలికతో మన దేశంలో పుట్టిన ‘బిజినెస్’, ‘వ్యాపారి’ ఆటలు వేసవి సెలవుల్లో ఇంటింటా ఆడినవే. ఎమ్‌ఆర్‌ఎఫ్, హాస్‌బ్రో సంస్థలు కలిసి 1987లో ఫన్‌స్కూల్‌ను మొదలుపెట్టాక మంచి అట్టతో, మెరిసే మూతలతో వచ్చే సెట్లు చిన్న పట్టణాల దుకాణాలకు కూడా చేరాయి. ఆ తొలి సెట్లకు ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటాయి. చాలావరకు అటకల మీదే ఉన్నాయి, అటక వాటికి అన్నిటికన్నా చెడ్డ చోటు.

పెట్టె ఎంతకాలం నిలుస్తుందన్నది అది ఉన్న ఊరి గాలిని బట్టి ఉంటుంది. ఉదాహరణకు, తుని కాకినాడ జిల్లాకు ఉత్తరపు కొస. తాండవ నదికి ఒక ఒడ్డున తుని, అవతలి ఒడ్డున అనకాపల్లి జిల్లా పాయకరావుపేట. నది అక్కడినుంచి దిగువకు పారి పెంటకోట దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడే చోటు ఇది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, అవి వెనక్కి తగ్గాక అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనాలు, వాయుగుండాలు. వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటడం ఇక్కడ మామూలే. మే నెలలో పడమటి గాలి తోలిన మధ్యాహ్నం అదే తేమ సగానికి పడిపోవచ్చు. సాయంత్రం సముద్రం మీది నుంచి గాలి తిరగగానే మళ్లీ పెరుగుతుంది. తునికి, పాయకరావుపేటకు పేరు తెచ్చిన తమలపాకు తోటలకు ఈ చెమ్మగాలే ప్రాణం. తమలపాకు తీగ హాయిగా పెరిగే గాలిలో అట్టపెట్టె హాయిగా ఉండదు.

పెట్టె ఎలా తయారవుతుంది

నాణ్యమైన ఆట పెట్టెకు మూత, అడుగు వేర్వేరుగా ఉంటాయి. రెండింటికీ లోపలి ఎముకగా ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల మందం బూడిదరంగు అట్ట ఉంటుంది. పాత కాగితాలను నానబెట్టి, గుజ్జుచేసి, పొరలు పొరలుగా ఒత్తి ఆ అట్టను తయారుచేస్తారు. దానిమీద రంగుల్లో అచ్చువేసిన పలచని ఆర్టు కాగితాన్ని జిగురుతో అంటించి, అంచులను లోపలికి మడుస్తారు. పైన వార్నిషు గానీ, పలచని ప్లాస్టిక్ లామినేషన్ పొర గానీ వేస్తారు. చవక సెట్లకు ఇంత పని ఉండదు. ఒకవైపు తెల్లగా, మరోవైపు బూడిదరంగుగా ఉండే డూప్లెక్స్ అట్టనే మడిచి, మూలల్లో జిగురుతోనో ఇనప పిన్నులతోనో బిగిస్తారు. ఆ పిన్నులు తుప్పుపట్టి అట్టమీద గోధుమరంగు మరకలు వేయడం తీరప్రాంతపు పాత సెట్లలో తరచు కనిపిస్తుంది.

అంటే పెట్టె ఒకే పదార్థం కాదు. అట్ట, జిగురు, అచ్చు కాగితం, ప్లాస్టిక్ పొర అనే నాలుగు పొరలు కలిసి ఒక పలకగా నిలుస్తాయి. తేమ తగిలినప్పుడు ఈ నాలుగూ నాలుగు రకాలుగా స్పందిస్తాయి. పెట్టెకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగానికి మూలం ఇక్కడే ఉంది.

కాగితపు నారలు సెల్యులోజ్‌తో తయారైనవి. సెల్యులోజ్ అణువు నిండా నీటి అణువులను పట్టి ఉంచే హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి. అందుకే కాగితం చుట్టూ ఉన్న గాలితో ఎప్పుడూ నీటిని ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. ఇక్కడ గాలిలో ఎన్ని గ్రాముల నీరు ఉందన్నది ప్రధానం కాదు. ఆ వేడిమి దగ్గర గాలి మోయగలిగిన నీటిలో ఎంత శాతం మోస్తున్నదన్నదే, అంటే సాపేక్ష ఆర్ద్రతే, లెక్కలోకి వస్తుంది. సాపేక్ష ఆర్ద్రత 50 శాతం ఉన్న గదిలో అట్ట బరువులో ఆరేడు శాతం నీరు ఉంటుంది. ఆర్ద్రత 85 శాతానికి చేరి అక్కడే నిలిస్తే ఆ వాటా పది, పన్నెండు శాతానికి పెరుగుతుంది. కిలో బరువున్న సెట్టులో అట్ట భాగం ముప్పాతిక కిలో అనుకున్నా, ఎండుకాలానికీ ముసురుకీ మధ్య అది ముప్పై, నలభై గ్రాముల నీటిని తాగి మళ్లీ వదులుతుంది. అది రెండు మూడు చెంచాలకు సరిపడే నీరు, ఒక పలచని పెట్టె గోడల్లో.

నీరు తాగిన నార అడ్డంగా బాగా ఉబ్బుతుంది, పొడవునా మాత్రం దాదాపు పెరగదు. అట్ట మిల్లులో తయారయ్యేటప్పుడు నారలు ఎక్కువగా యంత్రం నడిచే దిశలోనే సర్దుకుంటాయి. కాబట్టి పూర్తయిన అట్ట కూడా ఒక దిశలో దాదాపు మారకుండా, దానికి అడ్డంగా ఉన్న దిశలో సాగుతుంది. ముప్పై సెంటీమీటర్ల మూత అడ్డదిశలో అర శాతం సాగితే ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరిగినట్టు. పైన ఉన్న ప్లాస్టిక్ పొర మాత్రం సాగదు, తేమను త్వరగా లోపలికి పోనివ్వదు. లోపలివైపు అట్ట తెరిచే ఉంటుంది గనుక అటు మాత్రమే ఉబ్బుతుంది. ఒక ముఖం పెరిగి మరో ముఖం పెరగకపోతే పలక వంగక తప్పదు. వానాకాలంలో మూత మధ్యలో లోపలికి గుంటపడడానికి కారణం ఇదే. మే ఎండల్లో అదే మూత పైకి బొర్రలా లేస్తుంది. ఏడాదికి ఒకసారి జరిగే ఈ వంగుడును మంచి పెట్టె తట్టుకుంటుంది. రోజూ జరిగితే జిగురు పొర అలసిపోయి అంచుల్లో అచ్చు కాగితం లేచిపోతుంది, మూలల్లో మడత దగ్గర రంగు పగిలి లోపలి తెలుపు బయటపడుతుంది.

అందుకే అట్టపెట్టెల విషయంలో తేమ ఎంత ఉందన్న ప్రశ్నకు, ఎంత తరచుగా మారుతున్నదన్న ప్రశ్నకు సమానమైన బరువు ఇవ్వాలి. 60 శాతం దగ్గర నిలకడగా ఉన్న గది, పగలు 45, రాత్రి 80 మధ్య ఊగిసలాడే గదికన్నా మేలు. పైహద్దు ఒకటి మాత్రం కచ్చితంగా ఉంది. 65, 70 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే బూజు మొలుస్తుంది. ఆస్పర్జిల్లస్, పెనిసిలియం వంటి బూజుల విత్తులు ప్రతి ఇంటి గాలిలోనూ ఉంటాయి, వాటిని రాకుండా ఆపడం కుదరదు. అట్టలో నీరు తక్కువగా ఉంటే అవి ఊరికే పడి ఉంటాయి. నీరు చాలినంత దొరికితే మొలకెత్తి, కాగితానికి పూసిన గంజినీ, జిగురునూ తింటాయి. కదలని గాలి వాటికి ఇంకా ఇష్టం.

తేమను కొలవడానికి చిన్న డిజిటల్ ఆర్ద్రతామాపకం చాలు. దాని అంకె నిజమో కాదో వంటింటి ఉప్పుతో పరీక్షించవచ్చు. చిన్న మూతలో మెత్తని ఉప్పు పోసి, బురదలా అయ్యేంత మాత్రమే నీళ్లు చిలకరించి, మాపకంతో పాటు గాలి చొరని సంచిలో కొన్ని గంటలు ఉంచితే లోపలి ఆర్ద్రత 75 శాతం దగ్గర నిలుస్తుంది. సోడియం క్లోరైడుకు అది సహజమైన గుణం. గదిలో తెరిచి ఉంచిన శుద్ధమైన ఉప్పు చెమర్చిందంటే ఆ గది 75 శాతం దాటిందనీ, అట్టపెట్టెలు బూజు హద్దులోకి వచ్చాయనీ అర్థం. కల్లుప్పును నమ్మకూడదు. దానిలో కలిసి ఉండే మెగ్నీషియం లవణాలు ఇంకా తక్కువ తేమకే నీరు కారుస్తాయి.

ప్లాస్టిక్ కవరు కాపాడుతుందా

సేకరించేవారిలో చాలామంది మొదట చేసే పని పెట్టెకు ప్లాస్టిక్ తొడగడం. దుమ్ము, గీతలు, వేలిముద్రలు, బొద్దింకల మరకల నుంచి అది నిజంగానే కాపాడుతుంది. తేమ నుంచి కాపాడుతుందన్నది మాత్రం సగమే నిజం. పాలిథిన్, పాలిప్రొపిలీన్ పొరలు నీటి ఆవిరిని పూర్తిగా ఆపవు, నెమ్మదింపజేస్తాయి. రోజువారీ ఊగిసలాట లోపలికి చేరదు, అది లాభం. నెలల తరబడి సాగే వానాకాలపు తేమ మాత్రం నెమ్మదిగా చేరుతుంది, చలికాలంలో గాలి ఆరినా అంతే నెమ్మదిగా బయటికి పోతుంది.

అసలు ప్రమాదం కవరు వేసిన రోజులో ఉంటుంది. 30 డిగ్రీల వేడిమి, 80 శాతం ఆర్ద్రత ఉన్న జూలై గాలిలో ఘనపు మీటరుకు దాదాపు 24 గ్రాముల నీరు ఉంటుంది. కవరులో చిక్కే కొద్ది లీటర్ల గాలిలోని నీరు గ్రాములో కొద్ది భాగమే, లెక్కకు రాదు. పెట్టె గోడల్లో అప్పటికే నిండిన నీరు మాత్రం పదుల గ్రాములు. ముసురులో కవరు బిగిస్తే ఆ నీరంతా పెట్టెతో పాటు లోపలే ఉండిపోతుంది. కాబట్టి పెట్టెకు కవరు వేయాలంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో, ఎండ పొడిగా కాసిన మధ్యాహ్నాల్లో, ముందు కొన్ని రోజులు నీడలో గాలికి ఆరబెట్టాక వేయాలి. వానాకాలంలో కొత్త సెట్టు వస్తే దాన్ని అలాగే ఉంచి చలికాలం దాకా ఆగడం మంచిది.

పాత సెట్ల మీద కంపెనీ వేసిన ష్రింక్ పొర గురించి రెండు అభిప్రాయాలున్నాయి. తెరవని సెట్టుకు ఎక్కువ విలువ గనుక దాన్ని తీయకూడదని కొందరు, తీయాలని కొందరు. ఆ పొర వేడికి ముడుచుకునేలా తయారైనది. వేడి ఊళ్లలో ఏళ్ల తరబడి అది కొద్దికొద్దిగా బిగుస్తూనే ఉంటుంది, పలచని అట్ట ఉంటే మూలలను లోపలికి నొక్కేస్తుంది, మూతను విల్లులా వంచుతుంది. పెట్టె వంగడం మొదలైతే పొరను కోయడమే సరైన పని. వంగిన పెట్టె మీద చెక్కుచెదరని పొర ఉన్నందువల్ల ఒరిగేదేమీ లేదు.

తాళపత్ర గ్రంథాలను పూర్వం గుడ్డలో చుట్టి, మధ్యలో వస కొమ్ములో వేపాకో పెట్టి దాచేవారు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల ఇప్పటికీ తాళపత్రాలున్నాయి. ఆ పాత పద్ధతిలో గుడ్డ చేసే పనిని సరిగ్గా గమనించాలి. నూలుగుడ్డ దుమ్మును ఆపుతుంది, వెలుతురును ఆపుతుంది, గాలిని మాత్రం నెమ్మదిగా పోనిస్తుంది. తానూ కొంత తేమను తాగి, హఠాత్తుగా వచ్చే మార్పును మెత్తబరుస్తుంది. గాలి ఆడే గదిలో ఉన్న ఆట పెట్టెలకు ఉతికిన పాత నూలు దుప్పటి కప్పడం, అరకొరగా మూసిన ప్లాస్టిక్ కన్నా ఎన్నో రెట్లు నయం.

పూర్తిగా మూయాలనుకుంటే రబ్బరు అంచు ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బా, దానిలో సిలికా జెల్ వాడాలి. ఇక్కడే ఎక్కువమంది లెక్క తప్పుతుంది. చెప్పుల పెట్టెల్లో వచ్చే చిన్న పొట్లాలను నాలుగు వేసి ఊరుకుంటారు. సిలికా జెల్ 50 శాతం ఆర్ద్రత దగ్గర తన బరువులో దాదాపు నాలుగో వంతు నీటిని పట్టుకోగలదు. ఐదు గ్రాముల పొట్లం గ్రాము పైచిలుకు నీటికే నిండిపోతుంది. ఐదు కిలోల అట్టలో నీటిని పదకొండు శాతం నుంచి ఏడు శాతానికి దించాలంటే దాదాపు 200 గ్రాముల నీరు లాగాలి, అందుకు ముప్పాతిక కిలో నుంచి కిలో వరకు జెల్ కావాలి. ముందే ఆరబెట్టిన పెట్టెలైతే లాగవలసింది తక్కువ, డబ్బా అంచుల్లోంచి చొరబడే తేమ ఒక్కటే. అప్పుడు పావుకిలో జెల్ ఒక వానాకాలం గట్టెక్కిస్తుంది. నిండిన జెల్‌ను 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. నీలంరంగు జెల్‌లో ఉండే కోబాల్ట్ క్లోరైడు ఆరోగ్యానికి మంచిది కాదు, నారింజరంగుది కొనాలి. జెల్‌ను పలచని గుడ్డసంచిలో కట్టాలి, పెట్టెకు నేరుగా ఆనించకూడదు.

ఏసీ గది మంచిదేనా అన్నది తరచు వచ్చే ప్రశ్న. రోజంతా నడిచే ఏసీ గది అట్టకు స్వర్గం. తుని వంటి ఊళ్లలో చాలా ఇళ్లలో ఏసీ రాత్రి పడకగదిలో మాత్రమే నడుస్తుంది. రాత్రంతా గాలి ఆరుతుంది, పొద్దున్న ఏసీ ఆపి కిటికీ తీయగానే బయటి తేమ ఒక్కసారి లోపలికి వస్తుంది. 30 డిగ్రీలు, 80 శాతం ఆర్ద్రత ఉన్న గాలికి తుషార స్థానం, అంటే దానిలోని ఆవిరి నీటిబొట్లుగా మారే వేడిమి, దాదాపు 26 డిగ్రీలు. రాత్రంతా 24 డిగ్రీల గదిలో చల్లబడిన లామినేషన్ మూత మీద ఆ గాలి తగిలితే పలచగా నీరు పడుతుంది. కంటికి కనిపించకపోయినా అంచుల మడతల్లోకి అది ఇంకుతుంది. రోజూ ఇలా జరిగే పడకగది కన్నా, బయటి గోడ లేని మధ్యగది, పైన ఫ్యాను తిరిగే గది పెట్టెలకు మేలు. ఏసీ గదిలోనే ఉంచాలంటే తలుపులున్న చెక్క అలమరలో ఉంచాలి. తలుపులు, చెక్క, లోపలి మిగతా పెట్టెలు అన్నీ కలిసి ఆ ఊగిసలాటను చాలావరకు మింగేస్తాయి.

అలమర ఎక్కడ నిలబెట్టాలన్నదీ ముఖ్యమే. వానకు తడిసే పడమటి గోడ, బాత్రూము వెనక గోడ, నేలనుంచి చెమ్మ ఎక్కే పాత ఇటుక గోడ పనికిరావు. గోడకూ అలమరకూ మధ్య కనీసం నాలుగు వేళ్ల సందు ఉంటే వెనక గాలి ఆడుతుంది, చెదలు ఎక్కినా మట్టి దారి కంటపడుతుంది. ఇనప బీరువా ఎలుకలను, చెదలను ఆపుతుంది. అయితే అది గాలితో పాటు త్వరగా చల్లబడుతుంది, తేమను తాగదు. దానిలో పెట్టెలను గోడలకు ఆనించకుండా, కింద పలచని చెక్క పలక వేసి ఉంచాలి. అటక గురించి చెప్పవలసింది క్లుప్తమే. సిమెంటు రేకుల కిందో, ఎండ నేరుగా తగిలే స్లాబు కిందో ఉన్న అటక మే నెలలో 45 డిగ్రీలు సునాయాసంగా దాటుతుంది. కాగితం నెమ్మదిగా పెళుసుబారే రసాయన చర్యలు ప్రతి ఐదు డిగ్రీలకు సుమారుగా రెట్టింపు వేగం అందుకుంటాయి. మధ్యగదిలో ఇరవై ఏళ్లు పట్టే ముసలితనం అటక మీద కొద్ది ఏళ్లలోనే వస్తుంది.

అదే అలమరలో ఏటికొప్పాక లక్కపిడతల సెట్లు కూడా దాచేవారు ఈ వైపు చాలామంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు తునికి పొరుగు లాంటిదే. అంకుడు చెక్కను తరిణి పట్టి, తిరుగుతున్న చెక్కకే రంగు లక్కను ఒత్తి అద్దే ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆకులు, గింజలు, బెరళ్ల రంగులను అక్కడ తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. లక్క 75 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది, అంతకు చాలా ముందే అది మెత్తబడి పిడతలు ఒకదానికొకటి అంటుకుంటాయి. అట్టకు చెప్పిన అటక నిషేధం లక్కకు ఇంకా గట్టిగా వర్తిస్తుంది. పిడతలను విడివిడిగా పలచని నూలుగుడ్డలో చుట్టి పెట్టాలి.

బరువు, వెలుతురు

పెట్టెను పడుకోబెట్టాలా, నిలబెట్టాలా అన్న వాదన పాతది. పెట్టె బలమంతా నిలువు గోడల్లోనూ మూలల్లోనూ ఉంటుంది, మూత మధ్యభాగం బలహీనం. పడుకోబెట్టి, ఒకే కొలత ఉన్న పెట్టెలను ఒకదానిమీద ఒకటి పేరిస్తే బరువు గోడల మీదుగా దిగుతుంది, ఇబ్బంది లేదు. పెద్ద మూత మీద చిన్న పెట్టె పెడితే బరువంతా నడుమ పడి మూత గుంటపడుతుంది. ఇక్కడా తేమే మళ్లీ అడ్డం వస్తుంది. ఆర్ద్రత 50 నుంచి 90 శాతానికి పెరిగితే అట్టపెట్టె బరువు మోసే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. పైగా నెలల తరబడి ఒకే బరువు మోసే అట్ట, ఒక్కరోజు మోయగలిగినదానికన్నా చాలా తక్కువ బరువుకే కుంగుతుంది. ఫిబ్రవరిలో ఆరు పెట్టెల దొంతర బాగానే నిలబడిందంటే ఆగస్టులోనూ నిలబడుతుందని అర్థం కాదు. తీరప్రాంతంలో మూడు పెట్టెలకు మించి పేర్చకపోవడం, బరువైనది అడుగున ఉంచడం క్షేమం.

నిలబెట్టడం వల్ల మూతమీద బరువు పడదు, కావలసిన పెట్టెను దొంతర కదపకుండా తీయవచ్చు. అయితే లోపలి పావులన్నీ కిందికి జారి ఒక గోడను లోపలినుంచి నెడతాయి, మూత జారిపోవచ్చు. విడిభాగాలను చిన్న సంచుల్లో పెట్టి, ఖాళీలను నలిపిన తెల్లకాగితంతో నింపిన తర్వాతే నిలబెట్టాలి. నలపడానికి వార్తాపత్రిక వాడకూడదు. అది చెక్కగుజ్జుతో తయారైన కాగితం, దానిలోని లిగ్నిన్ ఆమ్లాలను విడుదల చేసి పక్కనున్న కార్డులను కూడా పచ్చబరుస్తుంది. మూత జారకుండా రబ్బరు బ్యాండు వేయడం అన్నిటికన్నా సాధారణమైన తప్పు. సన్నని బ్యాండు అంచును కోస్తుంది, వేడికి కరిగి అట్టకు అంటుకుంటుంది, దానిలోని గంధకం మరక వేస్తుంది. రెండు వేళ్ల వెడల్పున్న సాగే గుడ్డనాడాను వదులుగా చుట్టడమే మంచిది.

వెలుతురు చేసే నష్టం వెనక్కి తిరగదు. అచ్చులో వాడే నాలుగు రంగుల్లో పసుపు, ఎరుపు ముందు వెలిసిపోతాయి. నీలం, నలుపు ఎక్కువకాలం నిలుస్తాయి. కిటికీ ఎదుట ఏళ్లుగా ఉన్న మూతమీది బొమ్మలు నీలంగా, నిర్జీవంగా కనిపించేది ఇందుకే. సున్నితమైన కాగితపు వస్తువుల మీద 50 లక్స్‌కు మించి వెలుతురు పడనివ్వకూడదని మ్యూజియంల నియమం, మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్. ఎల్ఈడీ దీపాల్లో అతినీలలోహిత కిరణాలు దాదాపు ఉండవు గనుక అవి ట్యూబులైట్లకన్నా నయం, అయితే మామూలు వెలుతురు కూడా నెమ్మదిగా రంగును తింటుంది. గాజుతలుపు అలమరకు లోపల ఒక తెర వేలాడదీస్తే చాలు. పెట్టెలను వరుసలో అప్పుడప్పుడు మారుస్తూ ఉంటే ఒకే పెట్టె ఒకే వైపు వెలిసిపోదు.

పురుగులు, మందులు, టేపులు

చెదలు నేలనుంచి గోడల వెంట మట్టి సొరంగాలు కట్టుకుంటూ వస్తాయి, బయట ఒక చిన్న రంధ్రం కనిపించేసరికి లోపల పెట్టె డొల్లగా ఉంటుంది. సిల్వర్‌ఫిష్, బొద్దింకలు గంజి, మైదాజిగురు కోసం అట్టను గీరుతాయి. అవి రాత్రిపూట తిరుగుతాయి, చెమ్మ ఉన్న చోటే ఎక్కువ. తేమను 60 శాతం లోపు ఉంచగలిగితే పురుగుల సమస్య తనంతట తానే చాలావరకు తగ్గుతుంది.

వాటికోసం కలరా ఉండలు వేసే అలవాటు ఆట పెట్టెలకు హానికరం. నాఫ్తలీన్ ఆవిరి పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, పాత సెట్లలో పావులు, పాచికలు చాలావరకు ఆ ప్లాస్టిక్‌వే. మూసిన డబ్బాలో కొన్నేళ్లు ఉండలతో పాటు ఉన్న పావులు అతుక్కుని ముద్దగా మారతాయి. మనుషుల ఊపిరికీ అది మంచిది కాదు. పురుగు పట్టిన పెట్టెకు చల్లదనమే మంచి మందు. పెట్టెను రెండు ప్లాస్టిక్ సంచుల్లో గాలి తీసి బిగించి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు ఉంచితే పురుగులు, గుడ్లు చస్తాయి. బయటికి తీశాక సంచిని వెంటనే విప్పకూడదు. ఒక రోజంతా గది వేడికి రానిచ్చాక విప్పాలి, లేకపోతే తుషార స్థానం లెక్కప్రకారం పెట్టెంతా నీళ్లవుతుంది.

చిరిగిన మూలలకు సెల్లో టేపు అంటించడం కూడా మానవలసిన అలవాటు. దాని జిగురు కొన్నేళ్లకు పచ్చబడి కాగితంలోకి ఇంకుతుంది, టేపు ఊడినా మరక పోదు. లోపలివైపునుంచి పలచని కాగితపు పట్టీని మైదా గంజితో అతికించడం దృఢంగా ఉంటుంది, అవసరమైతే తడిపి తీసేయవచ్చు. అతికించిన పెట్టెను రెండు రోజులు గాలికి పూర్తిగా ఆరనివ్వాలి, ఎందుకంటే ఆ గంజి మళ్లీ బొద్దింకకు విందే. కార్డులు, నోట్లు పెట్టే సంచులు మెత్తని పీవీసీవి కాకూడదు. పీవీసీని మెత్తగా ఉంచే రసాయనాలు నెమ్మదిగా బయటికి వచ్చి అచ్చు సిరాను కరిగించి అతుక్కునేలా చేస్తాయి. పాలిప్రొపిలీన్, పాలియెస్టర్ సంచులకు ఆ దోషం లేదు.

తడిసిన పెట్టె

తాండవ ఒడ్డున, పల్లపు వీధుల్లో వాయుగుండం రోజుల్లో నీరు ఇంట్లోకి రావడం కొత్త కాదు. అలమర కింది అర నేలనుంచి కనీసం అడుగు ఎత్తున ఉండాలనడానికి అదొక కారణం. పెట్టె తడిస్తే రెండు రోజుల్లో బూజు మొలుస్తుంది, కాబట్టి ఆ రెండు రోజుల్లో చేసే పనే దాన్ని నిలబెడుతుంది. ముందు లోపలి వస్తువులన్నీ తీసి మూతను, అడుగును వేరుచేయాలి. అచ్చు కాగితం మీది నీటిని తుడవకూడదు, రంగు చెదురుతుంది. శుభ్రమైన నూలుగుడ్డను ఆనించి నీటిని పీల్చనివ్వాలి. ఆ తర్వాత ఫ్యాను గాలి నేరుగా తగలకుండా, నీడలో, మూతను దాని ఆకారం ప్రకారమే నిలిపి ఆరబెట్టాలి. వడియాల్లా ఎండలో పెట్టడం వల్ల పైపొర ముందు ఆరి ముడుచుకుపోతుంది, లోపలి పొర తడిగానే ఉండి పెట్టె శాశ్వతంగా వంకర తిరుగుతుంది. చేతికి ఇంకా కొంచెం చల్లగా తగులుతున్న దశలో, మూత లోపలి కొలతకు సరిపోయే చెక్కదిమ్మనో పుస్తకాల కట్టనో లోపల అమర్చి, పైన అద్దుడు కాగితం, దానిమీద చదునైన పలక, కొద్ది బరువు ఉంచితే ఆరేటప్పుడు పాత ఆకారానికి వస్తుంది. ఇందుకు వారం పట్టవచ్చు, ముసురులో ఇంకా ఎక్కువ. రోజూ అద్దుడు కాగితం మార్చాలి.

బూజు అప్పటికే పట్టి ఉంటే ఆ పెట్టెను మిగతావాటికి దూరంగా తీసుకుపోవాలి. తడిగా ఉన్న బూజును గీకితే అది కాగితంలోకి నలుగుతుంది. పూర్తిగా ఆరి పొడిగా మారాక, ముక్కుకు మాస్కు కట్టుకుని, ఆరుబయట మెత్తని బ్రష్షుతో ఒకే దిశలో దులపాలి. మరక మిగులుతుంది, దాన్ని బ్లీచింగుతో పోగొట్టాలని చూస్తే అట్ట నార తెగి ఆ చోట పొడిపొడిగా రాలుతుంది. శుభ్రం చేసిన పెట్టెను వెంటనే అలమరలో కలపకుండా, మూత తీసి ఒక నెలపాటు విడిగా ఉంచి చూడాలి. ఆ నెలలో ముక్కిన వాసన తిరిగి రాకపోతే, మాపకంలో అంకె 65 దాటని రోజు చూసి, దాన్ని తన వరుసలో పెట్టవచ్చు.